హైదరాబాద్‌లో పాత వెండి గరిటెలు: వెతకడం నుంచి వడ్డించడం దాకా

పాత వెండి ఇచ్చి కొత్త వెండి తెచ్చుకోవడం మన ఇళ్లలో మామూలే. పెళ్లి కుదిరినప్పుడో, వరలక్ష్మీ వ్రతం ముందో, ధనత్రయోదశికో బీరువా లోపలి అరలో నల్లబడి ఉన్న గిన్నెలు, గరిటెలు సంచిలో వేసుకుని పాట్ మార్కెట్‌కో గుల్జార్ హౌజ్‌కో వెళ్తాం. సేట్ తూకం వేస్తాడు, టంచ్ (నూటికి ఎంత వెండి ఉందో) చూస్తాడు, తరుగు తీసి లెక్క చెబుతాడు. ఆ తర్వాత అవి మూసలో పడి ముద్దవుతాయి. కంచం, బిందె లాంటివి పోయినా మళ్లీ చేయించుకోవచ్చు. కంసాలి కూర్చుని సుత్తితో కొట్టి, కాడ చివర నాగపడగో చిలకో తీర్చిన నాలుగంగుళాల నేతి గరిటె మాత్రం ఒకసారి కరిగితే మళ్లీ దొరకదు. ఆ పనికి ఇప్పుడు ఓపికా తక్కువ, చేసే చేతులూ తక్కువ.

అందుకే ఈ చిన్న గరిటెల్ని కొనండి, కొని దాచకుండా వాడండి అంటాను. మొత్తం సామాను సేకరించడానికి లక్షలు కావాలి. గరిటెలకు అంత అక్కర్లేదు. ఎక్కువ భాగం 15 నుంచి 60 గ్రాముల లోపే తూగుతాయి, ఒక్క సొరుగులో పది పడతాయి, రోజూ భోజనాల బల్ల మీదికి వస్తాయి.

ముందు మన ఇంట్లోనే వెతకాలి

బజారుకు వెళ్లే ముందు బంధువులకు ఫోన్ చేయండి. "పిన్నీ, మీ దగ్గర పాత నేతి గరిటె గానీ ఉద్ధరిణి గానీ ఉందా? మార్చేయాలనుకుంటే నాకు చెప్పు, ఆ రోజు వెండి ధర ఎంతుంటే అంత నేనే ఇస్తాను" అని అడిగితే చాలు. మొహమాటం అక్కర్లేదు. వాళ్లకు కొట్లో తరుగు పోయే బాధ తప్పుతుంది, మీకు ఎవరి చేతి వస్తువో తెలిసిన గరిటె దొరుకుతుంది. ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారు, ఏ ఊళ్లో చేయించారు, దేనికి వాడేవారు అన్నవి ఆ ఫోన్‌లోనే అడిగి రాసుకోండి. కొట్లో కొన్న వస్తువుకు ఈ కథ ఎంత డబ్బు పెట్టినా రాదు.

పూజ సామాను పెట్టె, ఉగ్గుగిన్నె ఉంచిన డబ్బా, పాత పాన్‌దాన్ (తాంబూలం పెట్టె) అడుగు తప్పకుండా చూడండి. చిన్న గరిటెలు ఎక్కువగా దొరికేది ఈ మూడు చోట్లే.

ఏ రకాలు దొరుకుతాయి

హైదరాబాద్‌లో అన్ని రకాల ఇళ్లూ ఉన్నాయి కాబట్టి గరిటెల్లోనూ అన్ని రకాలూ కనిపిస్తాయి. పంచపాత్రతో వచ్చే ఉద్ధరిణి అన్నిటికంటే సులువుగా దొరుకుతుంది. సన్నటి కాడ, చివర పాము పడగ, మూడుసార్లు ఆచమనం చేయడానికి సరిపోయే చిన్న గుంట. నేతి గరిటెకు గుంట కాస్త లోతు, కాడ పొట్టి, కొన్నింటికి గిన్నె అంచుకు తగిలించుకోవడానికి కాడ చివర కొక్కెంలా వంపు ఉంటుంది. ఉగ్గు పోసే చెంచాలకు అంచులు గుండ్రంగా, మెత్తగా తీర్చి ఉంటాయి.

పాతబస్తీ ఇళ్ల నుంచి వచ్చే పాన్‌దాన్‌లలో సున్నానికి ఒకటి, కాచుకు ఒకటి చొప్పున చిట్టి చెంచాలుంటాయి. వాటి పని చాలా నాజూకుగా ఉంటుంది. ఏళ్ల తరబడి సున్నంలో నానినవి కాబట్టి గుంటలో తెల్లటి పెచ్చు గట్టిగా పట్టి ఉండవచ్చు. దాన్ని చాకుతో గీకకూడదు. కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో కొద్దిసేపు ఉంచితే అదే కరిగి ఊడుతుంది. తర్వాత మంచినీళ్లతో బాగా కడిగేయాలి.

ఐదో రకం ఇంగ్లిష్ వాళ్లది. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ, సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ ఉండటం వల్ల ఇక్కడి పాత కొట్లలో సాస్ గరిటెలు, క్రీమ్ గరిటెలు, ఉప్పు చెంచాలు, టీ ఆకు తీసే చెంచాలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. కొన్ని ఇంగ్లండ్‌లో చేసినవి, కొన్ని మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి కంపెనీలు ఇక్కడే చేయించినవి. దేవుళ్ల బొమ్మలతో నిండి ఉండే మద్రాసు పనిని స్వామి సిల్వర్ అంటారు. దానికి గిరాకీ ఎక్కువ, నకళ్లూ ఎక్కువే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక రకాన్ని పట్టుకోవడం మంచిది. నా ఓటు నేతి గరిటెలకే. రోజూ పనికొస్తాయి, ఇంటికో తీరుగా ఉంటాయి, ధర కూడా వెండి ధరకు మరీ దూరం పోదు.

కొనే ముందు కన్ను తయారు చేసుకోవడం

ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియానికి, ఇంకో పూట పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి కేటాయించండి. రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. పురానీ హవేలీలో ఉన్నవి ఎక్కువగా 1937లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలు. అక్కడ గరిటెల కోసం వెతక్కండి. వెండి మీద చెక్కుడు పని ఎలా ఉంటుంది, అచ్చు పోసిన పని ఎలా ఉంటుంది, తీగ పని ఎలా ఉంటుంది అన్న తేడా చూడండి. కరీంనగర్ వెండి తీగ పని ఎదురుగా చూశాక, కొట్లో ఎవరైనా అచ్చులో పోసిన కాడను చూపించి తీగ పని అంటే మీకే తెలిసిపోతుంది.

ఎక్కడ కొనాలి

చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్, చార్ కమాన్ చుట్టుపక్కల, సికింద్రాబాద్‌లో పాట్ మార్కెట్, జనరల్ బజార్‌లలో వెండి కొట్లు వరసగా ఉంటాయి. వీళ్లు కొత్త వెండి అమ్ముతారు, పాతది కరిగించడానికి కొంటారు. వాళ్ల గల్లాపెట్టె వెనక ఉండే పాత వెండి డబ్బాయే మనకు కావలసింది. నేరుగా యాంటిక్ ఉందా అని అడిగితే ధర పెరుగుతుంది. "సేట్‌జీ, పాత వెండిలో చిన్న గరిటెలు, చెంచాలు వస్తే కరిగించే ముందు నాకు ఒక్కసారి ఫోన్ చేయండి, తూకానికి పైన కొంత ఇస్తాను" అని చెప్పి నంబర్ ఇచ్చి రండి. ఒకే కొట్టుకు పదేపదే వెళ్లి, చిన్న చిన్నవైనా కొంటూ ఉంటే ఆ ఫోన్ వస్తుంది. పండగలకు ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో ఎక్కువ పాత వెండి వచ్చి పడుతుంది. వెండి ధర అమాంతం పెరిగిన రోజుల్లో కూడా అంతే.

ముర్గీ చౌక్ వైపు పాత సామాను కొట్లున్నాయి. అక్కడ తూకం కంటే వయసుకు ధర కడతారు. రకాలు ఎక్కువ, బేరం తప్పనిసరి. గురువారం జుమేరాత్ బజార్‌లో, ఆదివారం ఎర్రగడ్డ సంతలో కూడా అప్పుడప్పుడు పాత చెంచాలు కనిపిస్తాయి కానీ, అక్కడ వెండి పేరుతో అమ్మేవాటిలో చాలావరకు వెండే లేని జర్మన్ సిల్వరో, వెండి పూతో అయి ఉంటాయి. పైగా ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చెప్పలేని వస్తువు మీద చేయి వేయకపోవడమే మేలు. బిల్లు ఇవ్వని చోట వెండి కొనవద్దు. దొంగ సొత్తు అని తేలితే వస్తువూ పోతుంది, పోలీస్ స్టేషన్ టెన్షన్ కూడా మనకే.

చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి

తూకం అడగడం చివరి పని. ముందు గరిటెను పగటి వెలుతురులోకి తీసుకెళ్లండి.

మొదట గుంట అంచు చూడాలి. కాడ మీ వైపు ఉండేలా పట్టుకుంటే, బాగా వాడిన పాత గరిటెకు ఎడమవైపు ముందంచు కాస్త అరిగి కనిపిస్తుంది. కుడిచేత్తో గిన్నె అడుగు గీకి తీసేవాళ్ల చేతిలో అరిగేది ఆ వైపే. ఈ అరుగుదలను ఎవరూ సులువుగా సృష్టించలేరు. కొద్దిగా అరిగితే అందమే. అంచు కాగితంలా పలచబడి, వేలికి కోసుకునేలా ఉంటే వడ్డనకు పనికిరాదు.

తర్వాత మెడ, అంటే కాడ వచ్చి గుంటకు కలిసే చోటు. పాత గరిటెల బలహీనత అంతా అక్కడే ఉంటుంది. బొటనవేలితో చాలా మెల్లిగా నొక్కి చూడండి. వంగినట్టు అనిపిస్తే లోపల చీలిక ఉన్నట్టే. అతుకు ఉంటే దాని రంగు గమనించండి. వెండి టంకంతో వేసిన అతుకు సన్నగా, వెండి రంగులోనే ఉంటుంది. బూడిద రంగులో, ముద్దగా, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటే అది సీసం కలిసిన అతుకు కావచ్చు. అలాంటిది ఎంత అందంగా ఉన్నా తినే పదార్థానికి వాడకూడదు. అద్దాల బీరువాలో పెట్టుకునేందుకైతే కొనుక్కోవచ్చు, ధర మాత్రం తగ్గించి అడగాలి.

నలుపు ఎక్కడుందో చూడండి. నిజంగా పాతబడిన గరిటెలో నలుపు చెక్కుడు గీతల లోపల, కాడ వెనక, మెడ మూలల్లో ఉంటుంది. బొటనవేలు ఆనే చోటు తేటగా, నున్నగా ఉంటుంది. గరిటె మొత్తం ఒకే తీరుగా, బొగ్గు పూసినట్టు నల్లగా ఉంటే గంధకం మందుతో కొత్తదాన్ని పాతదిగా మార్చారని అనుమానించాలి. చిన్న గుంతలు, అంచు పొడవునా సన్నటి కుట్టు గీత కనిపిస్తే అచ్చులో పోసినది. చేత్తో కొట్టినదానిపై వెలుతురు పక్కనుంచి పడితే సుత్తి దెబ్బల పలకలు లీలగా తెలుస్తాయి.

ఇక కాడ వెనక. మన వాళ్లకు సామాను మీద పేరు కొట్టించే అలవాటు ఉంది కదా. చిన్న ఉలితో చుక్క చుక్క పక్కన పెట్టి అక్షరాలు తీర్చేవారు. నా దగ్గరున్న ఒక నేతి గరిటె వెనక ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. మిగతా చుక్కలు తోమి తోమి చెరిగిపోయాయి. వాటిని వేలితో తడిమితే తెలుస్తాయి గానీ కంటికి ఆనవు. కొట్టువాళ్లు "పేరు తీసేసి పాలిష్ పట్టిస్తా" అని మంచి మనసుతోనే అంటారు. ఒప్పుకోకండి. ఆ పేరే ఆ వస్తువుకు పుట్టుమచ్చ.

సంవత్సరం అంకె ఉంటే

ఇది హైదరాబాద్ ప్రత్యేకత. గరిటె మీద ఉర్దూ అంకెల్లో 1346 అని ఉందనుకోండి. అది క్రీస్తు శకం కాదని తెలుస్తూనే ఉంది. అప్పుడు రెండు దారులున్నాయి. హిజ్రీ 1346 అయితే అది 1927-28. నిజాం ప్రభుత్వ కాగితాల్లో నడిచిన ఫస్లీ లెక్కలో 1346 అయితే 1936-37. ఫస్లీ అంకెకు 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. హిజ్రీ చాంద్రమానం కాబట్టి అలా ఒకే అంకె కలిపితే కుదరదు, పట్టిక చూడాలి. పక్కన హిజ్రీకి గుర్తుగా రెండు కళ్ల 'హే' అక్షరం, ఫస్లీకి గుర్తుగా 'ఫే' అక్షరం ఉందేమో వెతకండి. ఉర్దూ చదివే స్నేహితుడికి ఫోటో పంపితే నిమిషంలో తేలిపోతుంది.

ముద్రలు చదవడం

ఇంగ్లండ్‌లో చేసిన వెండికి వరుసగా చిన్న చిన్న ముద్రలుంటాయి. ఎడమవైపు నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి అని. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కోట స్కాట్లాండ్‌లోని ఎడింబరోది. కిరీటం షెఫీల్డ్‌ది, అయితే 1975 నుంచి వాళ్లు గులాబీకి మారారు. ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది, ఇంకో రెండు మూడు అక్షరాలు చేసినవారి గుర్తు. రాజు లేదా రాణి తల ముద్ర కూడా ఉంటే అది 1784కూ 1890కీ మధ్య పన్ను కట్టిన వస్తువు. భూతద్దం తీసుకెళ్లండి. కొట్టిన ముద్ర అంచులు పదునుగా ఉంటాయి. అచ్చుతో పాటే పోసిన దొంగ ముద్ర మసకగా, సబ్బు మీద అరిగిన పేరులా ఉంటుంది.

ఈపీఎన్ఎస్ అన్న నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే అది వెండి కాదు, నికెల్ కలిసిన మిశ్రమ లోహం మీద వెండి పూత. షెఫీల్డ్ అని ఊరి పేరు పూర్తిగా రాసి ఉన్నా పూత కావచ్చని అనుకోవాలి. జర్మన్ సిల్వర్‌లో అయితే వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది.

మన దేశపు పాత గరిటెలకు చాలావాటికి ఏ ముద్రా ఉండదు. అది లోపం కాదు. ఇప్పుడు వెండికి కూడా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ వచ్చాయి గానీ అవి కొత్త వస్తువులకు, అదీ ఐచ్ఛికంగా. పాత గరిటె మీద కొత్త హాల్‌మార్క్ మెరుస్తుంటే దాన్ని పాతది అన్నవాళ్లను ఇంకో ప్రశ్న అడగండి.

స్వచ్ఛత పరీక్ష

అయస్కాంతానికి అతుక్కుంటే వెండి కాదు, అంతవరకే. ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా సాధారణంగా అతుక్కోవు కాబట్టి అతుక్కోనంత మాత్రాన సంబరపడక్కర్లేదు.

వెండి బజార్లలో టంచ్ చూసే మెషీన్లు ఉంటాయి, కొద్ది డబ్బుకే చూసి చీటీ ఇస్తారు. వస్తువుకు ఏ గీతా పడదు. అయితే ఆ మెషీన్ చూసేది పైపొరనే. మందంగా వెండి పూత వేసినదాన్ని కూడా మంచి వెండి అనేయగలదు. అందుకే ఇంట్లో చేసుకోదగ్గ ఇంకో పరీక్షను దానికి జత చేయాలి.

గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం మెషీన్ కావాలి. గరిటెను మామూలుగా తూచి రాసుకోండి. పొడవాటి ప్లాస్టిక్ సీసా పైభాగం కోసేసి, గరిటె పూర్తిగా మునిగేంత నీళ్లు పోసి, మెషీన్ మీద పెట్టి అంకెను సున్నా చేయండి. గరిటెను సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడలకూ తగలకుండా వేలాడదీయండి. గుంట కింద గాలి బుడగ ఉంటే తట్టి వదిలించండి. ఇప్పుడు మెషీన్ చూపే అంకెతో మొదటి తూకాన్ని భాగించాలి. ఉదాహరణకు గరిటె 42 గ్రాములు, నీళ్లలో చూపింది 4.10 అయితే 10.24 వస్తుంది. శుద్ధ వెండి సాంద్రత 10.49. 92.5 శాతం వెండికి 10.36 దగ్గర, 80 శాతం వెండికి 10.15 దగ్గర వస్తుంది. జర్మన్ సిల్వర్, ఇత్తడి అయితే 8.4 నుంచి 8.8 మధ్యే ఆగిపోతాయి. పూత ఎంత మందంగా వేసినా ఈ లెక్క దగ్గర దొరికిపోతుంది. కాడ బోలుగా ఉన్నా, చెక్క పిడి ఉన్నా మాత్రం ఇది పనికిరాదు.

టంచ్ 82 అనో 85 అనో వస్తే పెదవి విరవకండి. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న వెండి రూపాయలే కంసాలికి ఇచ్చి సామాను చేయించుకోవడం పరిపాటి. నిజాం హాలీ రూపాయిలో ఉన్న వెండే 81.8 శాతం, బ్రిటిష్ ఇండియా పాత రూపాయిలో 91.7 శాతం. వస్తువు మోసం కాదు, ముడిసరుకే అంత. పైగా రాగి కాస్త ఎక్కువ కలిసిన గరిటె వంగకుండా గట్టిగా ఉంటుంది.

ధర కట్టడం

లెక్క ఇలా వేయండి. తూకాన్ని టంచ్‌తో, ఆ రోజు వెండి ధరతో గుణిస్తే కరిగింపు విలువ వస్తుంది. లెక్క కోసం గ్రాము 150 రూపాయలు అనుకుంటే, 40 గ్రాముల 80 టంచ్ గరిటెకు 4,800. కరిగించే కొట్లో దానిపైన ఓ పది, పదిహేను శాతం ఎక్కువ ఇస్తే ఇద్దరికీ గిట్టుతుంది. పాత సామాను కొట్లో రెట్టింపు, మూడింతలు చెబుతారు. పనితనం, పేరు, సంవత్సరం, అరుదైన ఆకారం వీటిలో ఏదో ఒకటి ఉంటేనే అంత పెట్టాలి. నల్లగా ఉంది కాబట్టి పాతది, పాతది కాబట్టి విలువైనది అన్న వాదనకు తల ఊపకండి. తులం లెక్క చెబితే ఏ తులమో అడగండి. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లలో 10 గ్రాములకే తులం అంటున్నారు.

ఇంటికి తెచ్చిన మొదటి రోజు

కొన్న గరిటెను నేరుగా నేతిలో ముంచకూడదు. పాలిష్ పొడి, మందు మరకలు, ఎవరి చేతులో తెలియని జిడ్డు అన్నీ ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో చెక్కుడు లోపల కూడా కడగాలి. రెండుసార్లు మంచినీళ్లతో తొలిచి వెంటనే పాత నూలు పంచె ముక్కతో ఆరబెట్టాలి. బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో చివరిసారి ఫిల్టర్ నీళ్లు పోయండి, లేకపోతే తెల్ల చుక్కలు మిగులుతాయి.

బాగా నల్లబడి ఉంటే ఒక్కసారికి అల్యూమినియం ఫాయిల్ పద్ధతి వాడవచ్చు. గిన్నె అడుగున ఫాయిల్ పరచి, లీటరు మరిగిన నీళ్లలో రెండు చెంచాల వంట సోడా వేసి, గరిటె ఫాయిల్‌ను తాకేలా పెట్టాలి. కుళ్లిన గుడ్డు వాసన కొద్దిగా వస్తుంది. నలుపులో ఉన్న గంధకం వెండిని వదిలి పోతోందని దాని అర్థం. రెండు మూడు నిమిషాల్లో తీసి కడిగేయాలి. చెక్కుడు గీతల్లో కావాలని నలుపు నింపిన పనికి, బంగారు పూత ఉన్నవాటికి, రాళ్లు పొదిగినవాటికి, చెక్క పిడి ఉన్నవాటికి ఇది వద్దు. చాలా గరిటెలకు అసలు ఇంత అవసరమే పడదు.

మామూలు మెరుగుకు మెత్తటి విభూతి గానీ, జల్లించిన సుద్ద పొడి గానీ చాలు. తడి గుడ్డకు అద్ది కాడ పొడవునా ఒకే దిశలో రుద్దాలి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్ట్, ఇత్తడి సామాను తోమే పొడులు, స్టీల్ పీచు వెండిని గీరేస్తాయి. కొట్లో తిరిగే చక్రం మీద పట్టే పాలిష్ వెండిలో సన్నటి పొరను ప్రతిసారీ ఒలిచేస్తుంది. చుక్కల పేర్లు, ముద్రలు మాయమయ్యేది అక్కడే.

ఏం వడ్డించాలి, ఏం వద్దు

నెయ్యి, తేనె, చక్కెర, బెల్లం పాకం, పాలు, పరమాన్నం, సేమ్యా పాయసం, రంజాన్‌కు షీర్ ఖుర్మా, అతిథులొస్తే ఖుబానీ కా మీఠా మీద మీగడ. ఇవన్నీ వెండి గరిటెకు హాయిగా సరిపోతాయి. ముద్దపప్పు అన్నంలో, బొబ్బట్టు మీద, హలీమ్ గిన్నె పైన నెయ్యి పోయడానికి కొక్కెం కాడ గరిటెను మించినది లేదు. నెయ్యి పేరుకుని ఉంటే మాత్రం గరిటెతో తవ్వకండి. మెడ వంగేది ఆ తవ్వుడుతోనే. గిన్నెను వేడి నీళ్లలో కాసేపు పెట్టి, కరిగాక ముంచండి.

గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ వేసిన పోపు, ఆవపిండి కలిసినవి వెండిని త్వరగా నల్లబరుస్తాయి. అన్నిటిలోనూ గంధకం ఉంది. ఇంకా ప్రమాదం ఉప్పు. ఉప్పు తడితో కలిసి వెండి మీద చిన్న చిన్న గుంతలు తినేస్తుంది, అవి ఎంత తోమినా పోవు. ఇంగ్లిష్ వాళ్లు ఉప్పు చెంచాల గుంట లోపల బంగారు పూత వేసింది అందుకే. ఆవకాయలో ఉప్పు, పులుపు, ఆవపిండి మూడూ ఉంటాయి కాబట్టి జాడీలో వెండి గరిటె ఎప్పుడూ వద్దు. పెరుగు వడ్డించి వెంటనే కడిగేస్తే ఫరవాలేదు, గిన్నెలోనే రాత్రంతా వదిలేయవద్దు.

లోహాలన్నిటిలోకీ వేడిని వేగంగా పాకనిచ్చేది వెండే. పొయ్యి మీది పాయసంలో గరిటె వదిలేసి, కాసేపటికి కాడ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. దించాకే వడ్డనకు వాడండి.

పూజకు వాడే ఉద్ధరిణిని వంటింట్లోకి, వంటింటి గరిటెను పూజలోకి కలపకుండా వేరుగా ఉంచుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకూ ఇబ్బంది ఉండదు. చంటిపిల్లలకు మాత్రం అతుకు లేని, పూత కాని, టంచ్ తెలిసిన చెంచానే వాడాలి. అతుకు వేసినవాటిలో సీసమే కాదు, కాడ్మియం కలిసిన టంకం కూడా ఉండే అవకాశం ఉంది.

కడగడం, దాచడం

భోజనం అయ్యాక వాటిని స్టీల్ గిన్నెలతో కలిపి సింకులో వేయవద్దు. ఇంట్లో పని చేసే అమ్మాయికి అప్పగించకుండా చేతిలో పనిగా మనమే కడుక్కుంటే నిమిషం కూడా పట్టదు. డిష్‌వాషర్ అస్సలు వద్దు. రోజూ వాడి, కడిగి, తుడిచే గరిటె నల్లబడదు. నల్లబడేవి నెలల తరబడి మూసి పెట్టినవే. పది గరిటెలుంటే వారానికి రెండు చొప్పున వంతులు వేసి బయటికి తీయండి.

దాచేటప్పుడు ఒక్కొక్కదాన్నీ ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, జిప్ కవర్‌లో గాలి తీసి పెట్టండి. లోపల ఒక సుద్దముక్కో, మందుల సీసాలో వచ్చే సిలికా పొట్లమో వేస్తే వానాకాలపు చెమ్మ లాగేస్తుంది. రబ్బర్ బ్యాండు వేయకూడదు. రబ్బరులో గంధకం ఉంటుంది, అది తగిలిన చోట నల్లటి గీత పడి ఎంత తోమినా జాడ మిగులుతుంది. న్యూస్ పేపర్, ఉన్ని గుడ్డ కూడా వద్దు.

మెడ దగ్గర చీలిక వస్తే వెండి టంకంతోనే, కాడ్మియం లేని టంకంతోనే అతకమని ముందే చెప్పండి. పని మీ ఎదురుగా చేసే కంసాలి అయితే మరీ మంచిది. సొట్టలు తీయమని మీరు అడగకపోతే తీయనివ్వకండి.

రాసిపెట్టుకోవడం, విదేశాలకు తీసుకెళ్లడం

ఒక్కో గరిటెకు ముందు, వెనక, ముద్ర దగ్గర ఫోటోలు తీసి, తూకం, టంచ్, కొన్న చోటు, ధర, ఇచ్చినవాళ్లు చెప్పిన సంగతి రాసిపెట్టండి. బిల్లు ఫోటో కూడా అక్కడే ఉండాలి.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పనితనపు వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. ఇంటి వస్తువే కదా అని సూట్‌కేసులో పెట్టి ఎయిర్‌పోర్టులో ఇరుక్కోవద్దు. వయసు మీద అనుమానం ఉంటే భారత పురావస్తు శాఖ వారికి చూపించి, పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. శాఖకు హైదరాబాద్‌లో సర్కిల్ ఆఫీసు ఉంది, ఎక్కడ ఎలా దరఖాస్తు చేయాలో అక్కడ అడిగితే తెలుస్తుంది. ఈ పని ప్రయాణానికి చాలా ముందే మొదలుపెట్టండి. గరిటెతో పాటు ఫోటోలు, బిల్లు, టంచ్ చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.